ఓటు కాగితం అడుగు వరస

సాల్ట్‌స్ప్రింగ్, ఆరెగన్
జనవరి 1987

ఆడపడుచు బెగోన్యాకి,

మీ వదిన మిరెన్ రాసేది. ఫోను చేయకుండా ఈ ఉత్తరాలేమిటని విసుక్కోకు. మా లైను నాలుగిళ్ళకీ ఒకటేనని నీకు తెలుసు. మొన్న నీతో నా మోకాలి నొప్పి చెప్పుకున్నానా, మర్నాడు పోస్టాఫీసు దగ్గర ముగ్గురు మందులు చెప్పారు. ఇప్పుడు రాయబోయేది మోకాలి కన్నా పెద్ద సంగతి.

మన బడి మూసేస్తున్నారు. నువ్వు రెండో తరగతిలో బల్ల కింద నిద్రపోయిన బడే. స్కూలు బోర్డు తీర్మానించేసింది. సెప్టెంబరు నుంచి ఇక్కడి పిల్లలందరూ బస్సెక్కి, మ్యూల్ కనుమ దాటి, వార్డెల్ పట్నంలో చదువుకోవాలట. చలికాలంలో ఆ కనుమ ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? కిందటేడు పిల్లల్ని పట్నం విహారానికి తీసుకెళ్ళి తిరిగి వస్తున్న బస్సు జారి వెనక చక్రాలు లోయ మీద వేలాడాయి. పిల్లలందరూ బయటపడ్డారు కాబట్టి జనం మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

అందుకని బోర్డు సమావేశానికి వెళ్ళాను, జీవితంలో మొదటిసారి. మాట్లాడతానని లేచేసరికి అధ్యక్షుడు హార్లన్ స్ట్రౌడ్ చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు, నేనేదో గుడ్లు ఉడకబెట్టడానికి వచ్చినట్టు. నేను కనుమ గురించి చెబుతుంటే ఆయన కాగితాలు సర్దుకుంటున్నాడు. చివరికి నా వైపు చూసి, "మిరెన్ గారూ, మా పని మీకంత నచ్చకపోతే మార్చిలో ఎన్నికలున్నాయి కదా. మీరే నిలబడండి," అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

మర్నాడు కౌంటీ ఆఫీసుకి వెళ్ళి నిలబడ్డాను.

అక్కడి గుమాస్తా పిల్ల, చక్కటి జడ వేసుకుంది, "మీ వృత్తి ఏంటండీ?" అని అడిగింది.

"గొర్రెలు, తోట, వంట, మొగుడు," అన్నాను.

"ఒక్కటే రాయాలండీ."

గొర్రెలని రాయించాను.

ఈసారి గొర్రెలు ముందే ఈనడం మొదలుపెట్టాయి. గోతంలో ఉల్లిపాయలు సగం మొలకెత్తాయి. మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. కాస్త తక్కువ మాట్లాడుతున్నాడు, అంతే. ఈత కాలం కదా.

మీ వదిన
మిరెన్

*

అస్టోరియా
జనవరి ఆఖరు

వదినా,

ఇక్కడ వాన. నేను వచ్చినప్పటి నుంచీ ఇదే వాన అనుకుంటాను.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను, ఏ కాగితమైనా కవర్లో ఉండిపోయిందేమోనని కవరు చింపి కూడా చూశాను. గొర్రెల సంగతి రాశావు, ఉల్లిపాయల సంగతి రాశావు, ఎవరో పిల్ల జడ సంగతి కూడా రాశావు. ఒక్కటి మాత్రం ఎక్కడా లేదు. సాల్ట్‌స్ప్రింగ్ తరఫున ఆ బోర్డులో ఉన్న కుర్చీ ఒక్కటే. నా పెళ్ళికి ముందు నుంచీ అందులో కూర్చున్నది మా అన్నయ్య లియాండ్రో. నీ మొగుడు. గుర్తున్నాడా? పొడుగ్గా ఉంటాడు, గుమాస్తా పిల్లకి వృత్తుల్లో ఆఖర్న చెప్పావు కూడా.

అంటే నువ్వు నిలబడింది అన్నయ్య మీద! నిజం చెప్పు, ఆ మాట ఆయనకి నువ్వే చెప్పావా, లేక పేపర్లో చదువుకున్నాడా? ఆయన "తక్కువ మాట్లాడుతున్నాడు" అని ఎంత సుతారంగా రాశావు వదినా! మీ వంశంలో ఎవరో రాయబారులు ఉండి ఉంటారు.

ఇంకో ప్రశ్న. బడి మూయడానికి అన్నయ్య చెయ్యెత్తాడా, లేదా? దాని మీద కూడా నీ కలం జారిపోయింది.

ఈ ఎన్నికల సంగతి నాకేమీ తెలియదని ముందే చెబుతున్నాను. మాకూ ఆ ఓటు కాగితం పోస్టులోనే వస్తుంది. పైన ఒకటి రెండు పేర్లకి గుర్తు పెడతాను. కింద దోమల బోర్డు, శ్మశానాల బోర్డు, రేవు బోర్డు అని కనిపించగానే కాఫీ కప్పు దాని మీద పెట్టేస్తాను. ఆ కింది వరసల్లో నిలబడేవాళ్ళెవరా అనుకునేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లోంచే ఇద్దరు.

సమాధానం ఆలస్యం చేయకు. చచ్చేంత ఆత్రంగా ఉంది.

నీ
బెగో

*

సాల్ట్‌స్ప్రింగ్
ఫిబ్రవరి

బెగో,

చెయ్యెత్తాడు.

అదీ నేను దాచిన సంగతి. రాయడానికి చెయ్యి రాలేదు. సమావేశంలో నేను మూడో వరసలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. మెల్లగా ఎత్తాడు, వెంటనే దించేశాడు, నేను చూడలేదనుకున్నాడేమో. కనుమ మీద బస్సు జారిన రోజు ట్రాక్టరుకి గొలుసు కట్టి ఆ బస్సుని పైకి లాగింది ఆయనే కదా? పిల్లల్ని ఒక్కొక్కరినీ కిటికీలోంచి అందుకున్న చేతుల్లోంచే ఒకటి అలా లేచింది. ఎందుకలా చేశావని ఎన్నిసార్లు అడిగినా, "నాకు కారణాలున్నాయి," అంటాడు. అంతకు మించి పెదవి విప్పడు.

నిలబడిన సంగతి నేనే చెప్పాను. పేపరు దాకా పోనిస్తానా? భోజనాల దగ్గర, బీన్సు కూర వడ్డించాక చెప్పాను.

"నీకు పోటీగా నిలబడ్డాను."

"ఎక్కడ?"

"బోర్డుకి."

రొట్టె విరిచాడు. కూరలో ముంచాడు. తిన్నాడు.

"పేరు ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

"సరే అయితే. చోరీసో సాసేజీ ముక్కలు ఇంకాస్త వెయ్యి. ఎన్నికలయ్యేదాకా ఇంట్లో నాకు దొరుకుతుందో లేదో."

చూశావా? పోట్లాడదామని నేను నడుం బిగించుకుని కూర్చుంటే ఆయన కంచం ముందుకు జరిపాడు. నలభై ఏళ్ళుగా ఇదే వరస.

ఇక ప్రచారం సంగతి విను. మా రెండు బళ్ళలో నడిచేది ఒక్క పికప్పే. రెండూ నడిచిన రోజుల్లో వెనక నుంచి హారను కొట్టి నన్ను దాటి పోయేవాడు, అది వేరే సంగతి. అందుకని ఇద్దరం అందులోనే పోతున్నాం. ఒక ఇంటికి ముందు నేను వెళతాను, ఆయన బండిలో కూర్చుంటాడు. నేను వరండాలో నిలబడి, "ముప్ఫై మైళ్ళ అవతల నుంచి చెప్పే మాటలకి తల ఊపే మనిషి మనకొద్దు," అని చెప్పి వస్తాను. తర్వాత ఆయన వెళ్ళి, నా గురించి ఏం చెబుతాడో గానీ, లోపల్నుంచి నవ్వులు వినిపిస్తాయి. తర్వాతి ఇంటికి ముందు ఆయన. ఇదే పద్ధతి. తలుపులు తీసి పట్టుకుని మర్యాదగా దించుతాడు కూడా.

మార్సెలీనో ఇంటి దగ్గర ఆ ముసలాయన మమ్మల్ని ఇద్దర్నీ ఒకేసారి లోపలికి పిలిచి వైను పోశాడు. నీకు తెలుసుగా, కొడుకూ కోడలూ పొలం పనికి పోతే మనవరాలు ఇనెస్‌ని చూసుకునేది ఆయనే. "ఓటు ఎవరికెయ్యాలో తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి," అన్నాడు. "మీలో ఎవరు ఓడినా నెల్లాళ్ళు వంట ఎవరు చేస్తారు?"

"ఓడినవాళ్ళు," అన్నాను.

"గెలిచినవాళ్ళు," అన్నాడు మీ అన్నయ్య అదే క్షణంలో.

మార్సెలీనో పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కొంచెం వచ్చింది.

రైతుల హాల్లో అభ్యర్థులిద్దరూ మాట్లాడాలట, మార్చి మొదటి వారంలో. నేను అద్దం ముందు అభ్యాసం చేస్తున్నాను. మీ అన్నయ్య ఏ అభ్యాసమూ చేయడం లేదు. అదే నాకు భయంగా ఉంది.

మిరెన్

*

అస్టోరియా
మార్చి

వదినా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి రైతుల హాల్లో మాటలు అయిపోయి ఉంటాయి. కావాలనే ఆలస్యం చేశాను. చదవడానికి ముందు కూర్చో. చేతిలో గరిటె ఉంటే పక్కన పెట్టు.

అన్నయ్యకి ఆ ఉపన్యాసం రాసిచ్చింది నేనే.

తిట్టు, తిట్టు. ఆగుతాను.

అయిందా? ప్రతి శనివారం దాణా కొట్టుకని వార్డెల్ వెళతాడే, అక్కడి ఫోను నుంచి నాకు చేస్తున్నాడు. అక్కడైతే నాలుగిళ్ళూ వినవని. "బెగో, మీ వదిన మాటల్లో నన్ను ఉతికి ఆరేస్తుంది. నాలుగు మాటలు రాసిపెట్టు," అన్నాడు. అన్నయ్య జీవితంలో నన్నేదైనా అడగడం ఇదే మొదలు. కాదనలేకపోయాను. కానీ నీ పక్షాన కూడా ఉన్నాను కనుక బాగా రాయలేదు. రెండో పేజీ అయితే మరీ నాసిరకం, నా ఒట్టు.

ఇంతకీ అన్నయ్య కారణమేమిటో నాకు చెప్పాడు. నీకెందుకు చెప్పలేదో అది నువ్వే అడుగు. చెప్పకూడదన్నాడు కాబట్టే చెబుతున్నాను.

బస్సు లాగిన రోజు కిటికీలోంచి ఆఖరుగా అందుకున్నది ఇనెస్‌నట. వణుకుతోందట. కోటు కప్పి, పికప్‌లో కూర్చోబెట్టి, ఏదో ఒకటి మాట్లాడించాలని, "పట్నం బడికి విహారానికి వెళ్ళారు కదా, ఏం చూశారు?" అని అడిగాడట. ఆ పిల్ల అక్కడి బడిలో ఉన్న ఏనుగు బొమ్మ సంగతీ చెప్పలేదు, బస్సు సంగతీ చెప్పలేదట. "అక్కడ నా అంత ఆడపిల్లలు బోలెడు మంది ఉన్నారు. ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుని నడిచింది," అందట. మన బడిలో దాని తరగతికి అదొక్కతే కదా. మొదటి నుంచీ అంతే. ఆటల్లో కూడా టీచరుతోనే జట్టు.

"మిరెన్ చెప్పేది నిజమే, ఆ కనుమ మంచిది కాదు," అన్నాడు అన్నయ్య. "కానీ ఆ పిల్ల చెప్పిందీ నిజమే. నేను దేనికి చెయ్యెత్తాలి, బెగో?"

ఆ ప్రశ్న పక్కన పెట్టుకునే రాశాను వదినా. అందుకే ఉపన్యాసం కూడా బాగా కుదరలేదేమో.

ద్రోహి
బెగో

*

సాల్ట్‌స్ప్రింగ్
ఏప్రిల్

ద్రోహికి,

ఓడిపోయాను. గట్టిగానే ఓడిపోయాను. కొద్దిలో పోయి ఉంటే మళ్ళీ లెక్కపెట్టమని గొడవ చేసేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

నువ్వు రాసిన ఉపన్యాసం ఎలా పోయిందో చెప్పాలి. మీ అన్నయ్య లేచి, కళ్ళజోడు పెట్టుకుని, "మిత్రులారా, పసిఫిక్ అలల వలె మార్పు మన తీరాన్ని తాకుతున్నది," అని చదివాడు. గొర్రెల కాపరులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సముద్రానికి ఇంత దూరంలో అలలేమిటే పిచ్చిదానా! అక్కడే నాకు రాసిందెవరో తెలిసిపోయింది. ఆయన కూడా ఆగి, కాగితం మడిచి జేబులో పెట్టేసి, "మా చెల్లెలు మంచిదే. నేను చెప్పేది మాత్రం ఇంతే. పిల్లలకి పిల్లలు కావాలి," అని కూర్చున్నాడు.

అద్దం ముందు నేను అభ్యాసం చేసిందంతా నీళ్ళలో కలిసిపోయింది.

ఇనెస్ సంగతి నీ ఉత్తరంలో చదివాక, నువ్వన్నట్టే గరిటె పక్కన పెట్టాను. తర్వాత ఆయన్ని అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు పోటీ మానేసేదానివి."

"మానేస్తే నీకే మంచిది కదా?"

"కనుమ గురించి ఎవరో ఒకరు అరవాలి కదా, మిరెన్. నా నోటితో రెండూ అరవలేను."

ఇలాంటి మనిషి మీద ఎలా కోప్పడాలో చెప్పు. అయినా కోప్పడ్డాను, చాలాసేపు. ఫలితం వచ్చిన రోజు ఒక్క మాట కూడా ఎత్తిపొడవకుండా గిన్నెలు కడిగాడు. రెండు పగలగొట్టాడు.

అసలు వింత ఇంకా రాయలేదు. నువ్వు కాఫీ కప్పు పెట్టే అడుగు వరస ఉంది చూడు, మాకు అక్కడ రోడ్ల బోర్డు ఉంది. దానికి ఈసారి ఎవరూ నిలబడలేదు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీత. నాకు ఓటెయ్యనందుకు మనసు పీకిందేమో, కొంతమంది ఆ గీత మీద నా పేరు రాసి పంపారట. మొన్న జడ పిల్ల ఫోను చేసింది.

"మిరెన్ గారూ, శుభాకాంక్షలండీ! రోడ్ల బోర్డుకి మీరు ఎన్నికయ్యారు."

"నేను నిలబడనే లేదమ్మా."

"పర్లేదండీ, ఏడు ఓట్లు వచ్చాయి. రెండింట్లో మీ పేరు తప్పు రాశారు గానీ మీరేనని తేల్చాం. రెండో స్థానంలో ఉన్నది మార్సెలీనో గారి కుక్క. దానికి మూడు."

లైనులో ఎవరో పకపకా నవ్వారు. మార్సెలీనోనే అయి ఉంటాడు.

ఒప్పుకోవాలా, వద్దా? కుక్క కన్నా నాలుగు ఓట్లు ఎక్కువ వచ్చినదాన్నని గర్వపడాలా? నీ సలహా రాయి. అలలు లేకుండా రాయి.

మిరెన్

*

అస్టోరియా
మే

మహారాజశ్రీ రోడ్ల బోర్డు సభ్యురాలు, గుంతల మహారాణి, శునక విజేత మిరెన్ వదినగారి దివ్య సముఖానికి,

అలల సంగతి ఇంకెప్పుడూ ఎత్తనని మాట ఇవ్వు. అది నా ప్రాణానికి నచ్చిన వాక్యం.

ఒప్పుకో! ఒప్పుకోకపోతే ఆ కుక్కని పిలుస్తారు.

నిజంగా అడుగుతున్నావు కాబట్టి నిజంగానే ఒక పని చేశాను. మా కౌంటీ ఆఫీసుకి వెళ్ళి రోడ్ల బోర్డుకి ఏ అధికారాలుంటాయని అడిగాను. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఈ ప్రశ్న అడిగింది నేనొక్కదాన్నేనన్నాడు. తర్వాత నన్ను వదల్లేదు. మధ్యాహ్నం భోజనం మానేసి మరీ చెప్పాడు. ఏ దారి ఎప్పుడు బాగు చేయాలి, మంచు తోసే బండి ఎక్కణ్ణుంచి బయల్దేరాలి, ప్రమాదంగా ఉంటే ఏ దారికి గేటు వేయాలి, అన్నీ ఆ బోర్డే తేలుస్తుందట. స్కూలు బోర్డు బస్సుని పంపగలదు. ఆ బస్సు కింద రోడ్డు ఉందో లేదో చెప్పేది మాత్రం మీరే.

అది విన్నాక నీ మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటూ ఇంటికి వచ్చాను. వానలో తడిసిన సంగతే గమనించలేదు.

మంచు బండి మీ దగ్గర ముందు ఎవరి ఇంటికి పోతుంది వదినా? కనుక్కో.

నీ
బెగో

*

సాల్ట్‌స్ప్రింగ్
అక్టోబరు

బెగో,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమీ అనుకోకు. ప్రజాసేవలో ఉన్నాను.

జూలైలో ప్రమాణం చేయించారు. రోడ్ల బోర్డంటే ముగ్గురం: నేను, మార్సెలీనో, మా పక్క పొలం ఓర్విల్ టీగ్. సమావేశాలు టీగ్ గారి గడ్డి కొట్టంలో. మొదటిసారి వెళ్ళేసరికి బల్ల మీద పేక ముక్కలు పంచి ఉన్నాయి. "ముందు ఇదొక ఆట, తర్వాత బోర్డు," అన్నారు. తర్వాత బోర్డు ఎప్పుడూ రాదని అర్థమైంది. అందుకని కూర్చుని మన పేకాట ముస్ ఆడి ఇద్దర్నీ ఓడించి, "ఇక బోర్డు," అన్నాను.

నువ్వు అడగమన్నదే అడిగాను. మంచు బండి రాత్రి వార్డెల్‌లో ఉంటుంది. పొద్దున్నే ముందు హార్లన్ స్ట్రౌడ్ పశువుల కొట్టాల దారి శుభ్రం చేస్తుంది. తర్వాత పట్నం. మ్యూల్ కనుమ అన్నిటికన్నా ఆఖరు.

"స్ట్రౌడ్ దారి ముందెందుకు?" అన్నాను.

"ఎప్పుడూ అంతే," అన్నాడు టీగ్.

"ఎప్పటి నుంచి?"

"ఎప్పటి నుంచో."

"ఎవరు చెప్పారు?"

టీగ్ మార్సెలీనో వైపు చూశాడు. "ఎవరూ చెప్పలేదనుకుంటా. హార్లన్ అరుస్తాడు, అంతే."

"నేనూ అరవగలను ఓర్విల్."

నేను పెట్టిన తీర్మానం ఇది. బండిని చలికాలమంతా సాల్ట్‌స్ప్రింగ్‌లో ఉంచాలి. కనుమ ముందు, బస్సు దాని వెనక. తోయలేనంత మంచు ఉంటే కనుమ గేటు వేసేయాలి. టీగ్ కాదన్నాడు. మార్సెలీనో ముక్కలు కలుపుతూ, "రోజూ ఆ బస్సులో ఎక్కేది నా మనవరాలు," అని చెయ్యెత్తాడు. ఇద్దరికి ఒకరు. తీర్మానం గెలిచింది. బెగో, గెలవడం భలే బాగుంటుందే!

గేటు వేసిన రోజు పిల్లలేం చేయాలి? ఆ రోజులకి మన పాత బడి తెరిచి ఉంచాలని, ప్రూయెట్ టీచరు ఊళ్ళోనే ఉంది కాబట్టి చదువు చెబుతుందని రోడ్ల బోర్డు తరఫున స్కూలు బోర్డుకి ఉత్తరం రాశాను. సాల్ట్‌స్ప్రింగ్ సభ్యుడి పేరు మీదే రాయాలి. రాసి, పోస్టులో వేశాను. మూడో రోజున మా పెట్టెలోకే వచ్చింది. మీ అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని విప్పి, మొత్తం చదివాడు.

"ఏమంటావు?" అన్నాను.

"జవాబు పోస్టులో వస్తుంది."

"ఎదురుగానే ఉన్నానుగా!"

"ఇది రాసింది నువ్వు కాదు, రోడ్ల బోర్డు."

నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది. "మీ సూచన జనవరి సమావేశంలో పరిశీలించబడును." పైన నా పేరు, కింద ఆయన సంతకం. మా పెళ్ళయ్యాక ఆయన నాకు రాసిన మొదటి ఉత్తరం ఇదే. దాచుకున్నాను.

ఇంకో మాట. సెప్టెంబరు నుంచి ఇనెస్ పట్నం బడికి పోతోంది. నిన్న దారిలో కనిపించింది. ఇది వరకు నేల చూపులు చూస్తూ నడిచేది. ఇప్పుడు నన్ను ఆపి, ఎవరో రోజలిన్ అట, దాని జుట్టు ఎంత ఎర్రగా ఉంటుందో, అదేం తింటుందో, ఏం చెప్పిందో అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పింది. నేను ఓడిపోవడం మంచిదైందని అనడం లేదు. ఆ పిల్ల వాగుతోందని మాత్రం చెబుతున్నాను. ఈ పేజీ మీ అన్నయ్యకి చెప్పకు.

మిరెన్

*

అస్టోరియా
నవంబరు

వదినా,

చెప్పేశాను. శనివారం ఫోనులో. మొత్తం విన్నాడు. తర్వాత, "దాణా ధర పెరిగింది," అన్నాడు. సంతోషం ఎక్కువైతే అన్నయ్యకి అలాంటి మాటలే వస్తాయని మనకి తెలుసు.

జనవరి సమావేశంలో నీ పాత బడి తీర్మానం పెట్టేది అన్నయ్యేనట. ఇంకో ఉపన్యాసం రాసిపెట్టమన్నాడు. రాయనన్నాను. "పసిఫిక్ అలలు లేకుండా నాకు రాయడం రాదు, నీ మాటలు నువ్వే చెప్పుకో," అన్నాను. పాపం, నిట్టూర్చాడు.

జనవరి దాకా మంచు ఆగుతుందా? ఆ హార్లన్ ఊరుకుంటాడా? నాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు. మీ కనుమ మీద వాతావరణం ఎలా ఉందో రేడియోలో వింటున్నాను. మా ఆయన నన్ను డాక్టరుకి చూపిస్తానంటున్నాడు.

బెగో

*

సాల్ట్‌స్ప్రింగ్
జనవరి 1988

బెగో,

ఆత్రం తట్టుకోలేవు కాబట్టి ఆఖరు ముందే చెబుతున్నాను. నిన్న స్కూలు బోర్డు ఒప్పుకుంది. గేటు వేసిన రోజున మన బడి తెరుస్తారు. హార్లన్ తప్ప అందరూ చెయ్యెత్తారు. మీ అన్నయ్య ఏ కాగితమూ లేకుండా మాట్లాడాడు. ఏం మాట్లాడాడో తర్వాత చెబుతాను. ముందు పోయిన వారం సంగతి.

మంచు సమావేశం కోసం ఆగలేదు. మంగళవారం తెల్లారేసరికి కిటికీలోంచి కొట్టం కనిపించలేదు. మంచు బండి నడిపే డెల్ కనుమ దాకా పోయి తిరిగొచ్చాడు. "తోస్తున్న కొద్దీ పడుతోందమ్మా. మలుపులో నా బండి ముక్కే నాకు కనపడలేదు. నువ్వు పొమ్మంటే పోతాను," అన్నాడు.

పొమ్మనడం, వద్దనడం. ఈ రెండు మాటల కోసమే కదా నేను ఏడాది పాటు అందరి మీదా అరిచింది? తీరా అడిగేసరికి సందేహాలు మొదలయ్యాయి. కాస్త ఆగితే తెరిపి ఇస్తుందేమో? ఊరికే భయపడుతున్నానేమో? మీ అన్నయ్య వైపు చూశాను. బూట్లు తొడుక్కుంటున్నాడు. తలెత్తలేదు. ఇది నా బోర్డు పని.

"గేటు వెయ్యి డెల్," అన్నాను.

పావుగంటలో ఫోను. హార్లన్ స్ట్రౌడ్.

"ఏమమ్మా, నా బస్సుని ఆపడానికి నువ్వెవరు? వార్డెల్‌లో నాలుగు మంచు రేకులు కూడా పడలేదు!"

"వార్డెల్‌లో పడకపోవచ్చు. కనుమ మీద పడుతోంది."

"ఏడు ఓట్లతో గెలిచి ఇంత పెత్తనమా? ఆ కుక్కని గెలిపించినా నయం!"

నేను నోరు తెరిచేలోపు లైనులో ఇంకో గొంతు. "హార్లన్, ఆ కుక్కకి ఓటేసింది నేను," అంది మార్సెలీనో గొంతు. "అది కూడా ఇవాళ గుమ్మం దాటనంటోంది."

"మధ్యలో నువ్వెందుకయ్యా?"

"ఇది నాలుగిళ్ళ లైను. అరవకుండా మాట్లాడు, చెవులు పోతున్నాయి."

అప్పుడు ఓర్విల్ టీగ్ గొంతు. బోర్డులో నాకు ఎదురు ఓటేసిన టీగే. గొంతు సవరించుకుని, "మా కిటికీలోంచి కనుమ వైపు చూస్తున్నాను హార్లన్. కనుమే లేదు. గేటు ఉండనీ," అన్నాడు.

హార్లన్ ఫోను పెట్టేశాడు. మేం ముగ్గురం కాసేపు లైనులో అలాగే ఉన్నాం. మొదటిసారి ఆ లైను మీద నాకు ప్రేమ పుట్టింది.

అప్పటికే పిల్లలు బస్సు ఆగే చోట నిలబడి ఉన్నారు. పాత బడికి తాళం. బోర్డు అప్పటికి ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి తెరవడానికి వీల్లేదు. ఇళ్ళకి పంపేద్దామా అనుకుంటుంటే మీ అన్నయ్య మంచులో ఈదుకుంటూ వచ్చాడు, ఒక చేతిలో తాళంచెవి, చంకలో కట్టెలు, వెనకాల ప్రూయెట్ టీచరు.

"బోర్డు అనుమతి?" అన్నాను.

"బోర్డుని తర్వాత అడుగుతాను."

"నీకు మాట వస్తుంది లియాండ్రో."

"వస్తుంది. తలుపు గట్టిగా ఉంది, కాస్త నెట్టు."

ఇద్దరం కలిసి నెట్టాం.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ నిజం రాయాలి. పదకొండింటికల్లా మంచు ఆగిపోయింది. మధ్యాహ్నానికి కళ్ళు చెదిరే ఎండ. కనుమ మీద ఏ కొండచరియా పడలేదు, ఏ చెట్టూ విరగలేదు. పిల్లలు కిటికీ దగ్గర నిలబడి ఆ ఎండని చూస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరిగ్గా అప్పుడే ఇనెస్ నా ముందుకొచ్చి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఇవాళ రోజలిన్ పుట్టినరోజు. కేకు కోసేటప్పుడు నేను పక్కన ఉంటానని చెప్పాను. అంతా మీ వల్లే!"

బెగో, హార్లన్ తిట్లు నాకు ఒక లెక్క కాదు. ఆ మాట మాత్రం గుచ్చుకుంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మీ అన్నయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఊరికే భయపడ్డాను. చూడు, ఎలా ఉందో ఎండ," అన్నాను.

కొండ వైపు చూసి అన్నాడు: "బస్సు జారిన రోజు కూడా కాసేపటికే ఇలాగే ఎండ వచ్చింది, మిరెన్. గొలుసు చుట్టుకుంటుంటే వీపు చుర్రుమంది."

అంతే అన్నాడు. నిన్న స్కూలు బోర్డులో చెప్పింది కూడా ఆ మాటే. తర్వాత ఇంకెవరూ వాదించలేదట.

బడి వదిలే వేళకి డెల్ బండి తీశాడు. గేటు తీయించి, నేను అతని పక్కన ఎక్కాను. ఇనెస్‌ని కూడా ఎక్కించమన్నాను. ఇద్దరి మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. మొదటి మలుపు దాకా మూతి బిగించుకునే ఉంది. రెండో మలుపులో మంచు రెండు పక్కలా తెల్లటి రెక్కల్లా లేవడం చూసి నోరు తెరిచింది. మూడో మలుపుకి, "ఇంకొంచెం వేగంగా పోనివ్వండి, కేకు అయిపోతుంది," అంది.

"రోడ్ల బోర్డు ఒప్పుకోదు," అన్నాను.

"అయితే రోడ్ల బోర్డుకి కేకు పెట్టను," అంది.

పెట్టింది. ఎర్రజుట్టు పిల్ల వాకిట్లోనే నిలబడి ఉంది, కేకు కోయకుండా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కేకలేసిన తీరు నీకు ఎలా రాయాలో తెలియడం లేదు. నీకైతే పసిఫిక్ అలలు ఉన్నాయి.

అంతకు ముందు, వార్డెల్ వైపు కనుమ దిగేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. తిరిగి ఇంటికి తీసుకెళ్ళడానికి మీ అన్నయ్య పికప్‌లో వస్తున్నాడు, మేం తోసి ఇచ్చిన దారిలో, మా వెనకాలే, మెల్లగా. నలభై ఏళ్ళలో మొదటిసారి, నన్ను దాటి పోవాలని హారను కొట్టలేదు.

మీ వదిన
మిరెన్